కదిలే బొమ్మలు – 5వ పాఠం: 14 ఫ్రేముల నిశ్శబ్దం

క్రితం పాఠంలో బంతిని పక్కనపెట్టి బస్తాని పట్టుకున్నాం. సగం నిండిన బియ్యం బస్తా, మూతి దారంతో బిగించి కట్టినది. పై మూలలు రెండూ చెవుల్లా, కింది మూలలు రెండూ పాదాల్లా. అది వంగి, గెంతి, దిగడం 16 బొమ్మల్లో గీయమన్నాను. గీసినవాళ్ళకి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. బస్తా కదులుతుంది, బరువు కూడా ఉన్నట్టే ఉంటుంది, కానీ ఎవరికీ నవ్వు రాదు. ఇంట్లో పిల్లలకి చూపిస్తే "బాగుంది" అని ఫోన్ మన చేతిలో పెట్టేసి వెళ్ళిపోతారు. ఆ "బాగుంది" ఎంత చేదుగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇవాళ అదే బస్తాని మేడమీంచి కింద పడేద్దాం. పడేస్తే నవ్వు వచ్చేలా పడేద్దాం. దీన్ని నేను నేర్పేదానికంటే, పడిపోవడంలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అనుభవమున్న ఒక కార్టూన్ జంతువు దగ్గర నేర్చుకోవడం మంచిది. కేబుల్ టీవీ వచ్చాక మన ఇళ్ళల్లోకి కూడా వచ్చేసిందది. రోడ్ రన్నర్ పక్షి వెంట పడి, ప్రతిసారీ కొండ అంచు దాటేసి, గాలిలో ఓ క్షణం నిలబడి, కింద చూసుకుని, ఆ తర్వాత మనవైపు చూసి, అప్పుడు పడిపోయే కయోటీ. మన నక్కకి అమెరికా ఎడారిలో ఉండే దూరపు చుట్టం అనుకోండి. దాన్ని పడేసినవాడి పేరు చక్ జోన్స్.

ముందు ఆయన గురించి కాస్త

1912లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో పుట్టాడు. పెరిగింది మాత్రం లాస్ ఏంజిలిస్ వైపు, మూకీ సినిమాలు వీధుల్లోనే తీస్తున్న రోజుల్లో. చాప్లిన్, బస్టర్ కీటన్ లాంటివాళ్ళు పడటం, లేవడం, ఆగి చూడటం ఆ పిల్లాడు తెరమీదే కాదు, బయట షూటింగుల్లో కూడా చూశాడు. తండ్రికి వ్యాపారాల పిచ్చి. కొత్త వ్యాపారం పెట్టడం, దాని పేరుతో మంచి కాగితాలూ పెన్సిళ్ళూ పెద్ద ఎత్తున కొనడం, కొన్నాళ్ళకి అది మూతపడటం. మూతపడినప్పుడల్లా ఆ కాగితాల కట్టలన్నీ పిల్లలకి వచ్చేవి. కాగితానికి లోటు లేకపోవడంతో పిల్లలంతా బొమ్మలు గీసేవారు. తండ్రికి నష్టం వస్తే కొడుక్కి చదువు వచ్చిందన్నమాట.

తర్వాత షునార్డ్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ మొదటిరోజే మాస్టారు చెప్పిన మాట ఒకటి ఆయన జీవితాంతం చెప్పుకుంటూ వచ్చాడు: మీ ఒక్కొక్కరిలో లక్ష చెడ్డ బొమ్మలున్నాయి, అవి ఎంత త్వరగా బయటికి పోతే అందరికీ అంత మంచిది అని. క్లాసులో మిగతావాళ్ళు బెంబేలెత్తారట. తను మాత్రం అప్పటికే రెండు లక్షలు దాటేశాననుకుని ధీమాగా కూర్చున్నాడు. తండ్రి కాగితాల పుణ్యం.

మనలాంటివాళ్ళం ఆ లక్షని ఓసారి లెక్కేసుకోవాలి. రోజుకి 20 బొమ్మలు గీస్తే లక్ష పూర్తవడానికి 14 ఏళ్ళు పడుతుంది. అదే యానిమేషన్ లెక్కలో చూస్తే, సెకనుకి 12 బొమ్మల చొప్పున, కేవలం 2 గంటల 19 నిమిషాలు. ఈ రెండో లెక్క నాకు ఊరటనిస్తుంది. యానిమేషన్ చేసేవాడికి చెడ్డ బొమ్మలు త్వరగా అయిపోతాయి.

చదువయ్యాక ఆయనకి దొరికిన పని బొమ్మలు గీయడం కాదు, కడగడం. అబ్ ఐవర్క్స్ స్టూడియోలో సెల్స్ కడిగేవాడు. ఆ రోజుల్లో కాగితం మీది బొమ్మని పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీదికి ఇంకుతో ఎత్తి రాసి, వెనకవైపు రంగు వేసి, కెమెరా కింద పెట్టేవారు. ఆ షీటునే సెల్ అంటారు. అది ఖరీదైన సరుకు కాబట్టి షూటింగ్ అయిపోగానే కడిగి మళ్ళీ వాడేవారు. జోన్స్ అక్కడ మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, ఇన్‌బిట్వీనర్ దాకా వచ్చాడు. అంటే ముఖ్యమైన రెండు భంగిమల మధ్య బొమ్మలు నింపేవాడు. 1933లో లియోన్ ష్లెసింగర్ స్టూడియోలో చేరాడు. వార్నర్ బ్రదర్స్‌కి కార్టూన్లు చేసిచ్చే చోటు అది. 1935లో టెక్స్ ఎవరీ అనే దర్శకుడి జట్టులోకి వెళ్ళాడు. ఆ జట్టుకిచ్చిన పాత చెక్క ఇంటికి అందులో పనిచేసేవాళ్ళే 'టెర్మైట్ టెర్రస్' అని పేరు పెట్టుకున్నారు. చెదలమేడ అనుకోవచ్చు. 1938లో దర్శకుడయ్యాడు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతొకటుంది. దర్శకుడైన కొత్తలో ఆయన సినిమాలు నవ్వించేవి కావు. స్నిఫిల్స్ అనే చిట్టెలుకతో వరసగా తీశాడు. బొమ్మలు ముద్దుగా, నీడలు అందంగా, కదలిక మెత్తగా, డిస్నీవాళ్ళ పనికి దీటుగా ఉంటాయి. అంతా నెమ్మది. ఎలుక తల తిప్పినా ఆ తిప్పడంలోని ప్రతి దశా కనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే మన 4వ పాఠం బస్తాల్లాగే ఉంటాయవి.

1942లో 'ద డోవర్ బాయ్స్' వచ్చింది. అందులో మనుషులు ఒక భంగిమలో కొయ్యబొమ్మల్లా నిలబడతారు. ఉన్నట్టుండి మరో భంగిమలో ఉంటారు. మధ్యలో ఒకటి రెండు బొమ్మలే, అవి కూడా తడి రంగుని వేలితో లాగినట్టు సాగిపోయి ఉంటాయి. వాటినే స్మియర్ అంటాం. పై అధికారులకి ఆ సినిమా నచ్చలేదు. ఏం ఫరవాలేదు, అక్కడి నుంచే మనకు తెలిసిన చక్ జోన్స్ మొదలయ్యాడు. మెత్తదనం తగ్గించాడు, ఆగడం పెంచాడు.

ఎక్స్-షీట్ తయారు చేసుకోండి

ఇక మన పని. రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసుకోండి. ఒక్కో గీత ఒక్కో ఫ్రేము, అంటే తెరమీద ఒకదాని వెంట ఒకటి పడే నిశ్చల చిత్రాల్లో ఒకటి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, కాబట్టి ప్రతి 24 గీతలకీ ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టండి. నిలువుగా నాలుగు గళ్ళు: ఫ్రేము నంబరు, జరిగే పని, బొమ్మ నంబరు, శబ్దం. స్టూడియోల్లో దీన్నే ఎక్స్-షీట్ అనో డోప్ షీట్ అనో అంటారు. మనం గీసేది 'టూస్' మీద, అంటే ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు ఉంటుంది. సెకనుకి 12 బొమ్మలు చాలు.

ఫోన్లో యాప్ వాడేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలా యాప్‌లు మొదట 12 ఫ్రేములకే సెట్ అయి ఉంటాయి. దాన్ని 24కి మార్చి, ప్రతి బొమ్మనీ రెండు ఫ్రేములు ఉంచండి. 12లోనే చేస్తే ఈ పాఠం చివర్లో వచ్చే తేడా మీకు కనిపించదు.

బొమ్మ గీయకముందే ఈ కాగితం నింపడమెందుకని అడుగుతారు. జోన్స్ స్టూడియోలో ఒక కార్టూన్ నిడివి సుమారు 6 నిమిషాలు. 35 మి.మీ. ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి 540 అడుగులు, అంటే 8,640 ఫ్రేములు. మామూలు సినిమాలో పది గంటలు తీసి ఎడిటింగ్‌లో రెండు గంటలకి కోయొచ్చు. కార్టూన్‌లో అది కుదరదు. కోసి పారేసే ప్రతి అడుగూ ఎవరో గీసింది, ఎవరో ఇంకు వేసింది, ఎవరో రంగు వేసింది. అందుకని దర్శకుడు ఎడిటింగ్ మొత్తం ముందే, తన బుర్రలోనే, ఫ్రేముల లెక్కలో చేసేసుకోవాలి. జోన్స్ ముఖ్యమైన భంగిమలన్నీ తనే గీసి, ఏది ఎన్ని ఫ్రేములుండాలో షీటు మీద రాసి యానిమేటర్లకి ఇచ్చేవాడు. కెన్ హారిస్, బెన్ వాషమ్ లాంటి వాళ్ళు అక్కడినుంచి అందుకునేవారు.

ఫ్రేములు బుర్రలో ఎలా లెక్కపెట్టాలి? స్టాప్‌వాచ్ పనికొస్తుంది కానీ నాకు అంతకంటే తేలికైన దారి ఆది తాళం. నిమిషానికి 120 దెబ్బల వేగంతో తాళం వేస్తే దెబ్బకి సరిగ్గా అర సెకను, అంటే 12 ఫ్రేములు. ఎనిమిది అక్షరాల ఆవర్తనం పూర్తయితే 4 సెకన్లు, 96 ఫ్రేములు. ఫోన్లో మెట్రోనోమ్ 120కి పెట్టుకుని రెండ్రోజులు వేసి చూడండి, చేతికి అలవాటైపోతుంది. తర్వాత బస్సులో కూర్చుని ఎదుటి మనిషి ఆవలింత ఎన్ని ఫ్రేములో చెప్పగలుగుతారు. వార్నర్ కార్టూన్లకి సంగీతం ఇచ్చిన కార్ల్ స్టాలింగ్ ఒకప్పుడు మూకీ సినిమాలకి థియేటర్లో ఆర్గన్ వాయించినవాడే. అక్కడ కూడా కదలికనీ దెబ్బనీ కలిపి లెక్కపెట్టడం మొదటినుంచీ ఉన్న పద్ధతే.

బస్తా పతనం: షీటు

కథ ఇది. బస్తా డాబా మీద గెంతుతూ వచ్చి, చూసుకోకుండా పిట్టగోడ దాటి గాలిలోకి వెళ్ళిపోతుంది. గాలిలో హాయిగా నిలబడుతుంది. కిందికి చూస్తుంది. మనవైపు చూస్తుంది. పడుతుంది.

షీటులో ఇలా రాసుకోండి. 1 నుంచి 24 దాకా క్రితం పాఠంలోని గెంతు, చివర బస్తా పిట్టగోడకి ఒక జానెడు అవతల. 25 నుంచి 40 దాకా కదలకుండా నిలబడటం, ఇంకా తెలియలేదు కాబట్టి ఛాతీ విరుచుకునే ఉంటుంది. 41 నుంచి 46 దాకా మూతి కిందికి వంచడం, మూడు బొమ్మలు. 47 నుంచి 58 దాకా ఆగడం. 59 నుంచి 64 దాకా మనవైపు తిరగడం, మళ్ళీ మూడు బొమ్మలు. 65 నుంచి 82 దాకా ఆగడం. 83 నుంచి 100 దాకా పడటం. 101 నుంచి 114 దాకా ఏమీ లేదు. 115 నుంచి 126 దాకా దుమ్ము. 127 నుంచి 150 దాకా ఖాళీ వీధి, చూసేవాళ్ళు నవ్వుకోవడానికి. మొత్తం 150 ఫ్రేములు, 6 సెకన్ల పైన చిల్లర.

షీటు ఇంకోసారి చూడండి. 150లో 84 ఫ్రేములు ఏమీ కదలనివే. సగం కంటే ఎక్కువ. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట హైదరాబాద్‌లో ఓ స్టూడియోలో రాత్రి షిఫ్టు ఇన్‌బిట్వీనర్‌గా చేసేటప్పుడు నాకీ సంగతి తెలీదు. ఒక పిల్లి ఆగి చూసే షాటు ఇచ్చారు. ఆగడమంటే బద్ధకం అనుకుని, మా సీనియర్ మెచ్చుకుంటాడని, పిల్లికి ఊపిరి పెట్టాను, మీసాలు ఆడించాను, తోక ఊపాను. తొమ్మిది బొమ్మలు ఎక్కువ గీశాను. ఆయన ఏమీ అనలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెన్సిల్ టెస్ట్, అంటే రంగు వేయకముందు పెన్సిల్ బొమ్మలతో చూసుకునే నమూనా, ఆడించాడు. ఒక బొమ్మ తీసి సొరుగులో వేశాడు. మళ్ళీ ఆడించాడు. ఇంకోటి తీశాడు. అలా తొమ్మిదీ సొరుగులోకి వెళ్ళేసరికి తెల్లవారుజామున మూడింటికి ఇద్దరం పగలబడి నవ్వుతున్నాం.

ఆగినప్పుడు చూసేవాడు ఆలోచిస్తాడు. అయ్యో, కింద ఏమీ లేదు, ఇప్పుడు తెలుస్తుంది, తెలిసింది, అనుకుంటూ ఆ కథంతా వాడే చెప్పుకుంటాడు. మనం కదిలిస్తే వాడి ఆలోచనకి అడ్డం పడతాం. 1955లో జోన్స్ తీసిన 'వన్ ఫ్రాగీ ఈవెనింగ్' చూడండి. ఒక కప్ప తన యజమాని ఒక్కడి ముందే టోపీ పెట్టుకుని పాడి గంతులేస్తుంది. వేరేవాళ్ళు చూడగానే కాళ్ళు వేలాడేసి, మామూలు కప్పలా బెకబెకమంటుంది. గంతులు బాగానే ఉంటాయి. కానీ జనం నవ్వేది అది చేతిలో ముద్దలా వేలాడుతున్నప్పుడు.

అయితే మరీ శిలలా ఉంచితే బొమ్మ చచ్చిపోయినట్టుంటుంది, ముఖ్యంగా పొడుగాటి ఆగడంలో. 65 నుంచి 82 దాకా 18 ఫ్రేములున్నాయి. సరిగ్గా సగంలో, 74వ ఫ్రేము దగ్గర, బస్తా ఎడమ చెవి ఒక్కటే నాలుగు ఫ్రేముల్లో వాలిపోనివ్వండి. రెండు బొమ్మలు. తక్కిన ఒళ్ళు అలాగే ఉండాలి. బస్తాకి కళ్ళు లేవు, నోరు లేదు. ఆ చెవి ఒక్కటే దానికి మాట.

మనవైపు తిరిగే మూడు బొమ్మల్లో ఒక చిట్కా. మధ్య బొమ్మని సరిగ్గా మధ్యలో పెట్టకండి, చివరి భంగిమకి దగ్గరగా పెట్టండి. మొదట చటుక్కున తిరిగి తర్వాత మెల్లగా సర్దుకున్నట్టుంటుంది. మూతి కొద్దిగా కిందికి వంపు తిరుగుతూ వస్తే ఇంకా బాగుంటుంది. తల తిప్పేటప్పుడు మనుషులు కూడా అలాగే తిప్పుతారు, అద్దంలో చూసుకోండి.

పడటం

83వ ఫ్రేము దగ్గర షాటు మారుతుంది. ఇప్పుడు మనం పిట్టగోడ పైనుంచి నిట్టనిలువునా కిందికి చూస్తున్నాం. కాగితం అంచుల్లో డాబా మూల, నడిమధ్య ఇరుకు వీధి. బస్తా మన కళ్ళ ముందు నుంచి కిందికి వెళ్తూ చిన్నదైపోతుంది.

కొత్తవాళ్ళు తొంభై శాతం తప్పు చేసే చోటు ఇదే. బస్తా 100 మి.మీ. ఉంటే తర్వాతది 90, ఆ తర్వాత 80, 70 అంటూ సమానంగా తగ్గిస్తారు. అప్పుడది బావిలోకి చేద దించినట్టుంటుంది. పడే వస్తువు వేగం పెరుగుతూ పోతుంది. ఒకే వ్యవధిలో మొదట 1 వంతు దూరం, తర్వాత 3, తర్వాత 5, 7 వంతులు పడుతుందని బేసి సంఖ్యల లెక్క 1వ పాఠంలో బంతితో చూశాం. దానికి తోడు దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నగా కనిపిస్తుంది. రెండూ కలిపి నేను లెక్కేసి పెట్టాను. 18 ఫ్రేములు, టూస్ మీద 9 బొమ్మలు. వాటి ఎత్తులు వరసగా: 81, 52, 32, 21, 15, 11, 8, 6, 5 మి.మీ.

స్కేలు పెట్టి కొలిచి గీయండి. మొదటి మూడు బొమ్మల్లోనే బస్తా మూడో వంతుకి పడిపోవడం చూస్తే ఇది మరీ ఎక్కువేమో అనిపిస్తుంది. ఆడించి చూడండి, కడుపులో ఖాళీ పుడుతుంది. చివరి నాలుగు బొమ్మలు ఇంచుమించు ఒకే చుక్కలా ఉంటాయి, అక్కడ చెవులూ పాదాలూ గీయాల్సిన పని లేదు. 100వ ఫ్రేము తర్వాత ఆ చుక్క కూడా మాయమవుతుంది.

నిజం భౌతికశాస్త్రం అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నాను. 18 ఫ్రేములంటే ముప్పావు సెకను. అంతసేపట్లో నిజంగా ఒక వస్తువు పడేది 3 మీటర్లు కూడా కాదు, మన డాబా ఒక అంతస్తు. కయోటీ అంతసేపట్లో ఒక లోయ మొత్తం దిగిపోతుంది. అబద్ధమే. వేగం పెరిగే తీరు మాత్రం నిజం. అందుకే కన్ను నమ్మేస్తుంది.

ఈ 18 నాది కాదు, జోన్స్‌దే. కయోటీ దూరమై కనబడకుండా పోవడానికి 18 ఫ్రేములు, ఆ తర్వాత నేలకి తగలడానికి 14 ఫ్రేములు అని ఆయన చెప్పేవాడు. 13 అయితే నవ్వు రాదు, 15 అయినా రాదు, 14కే వస్తుందని. రెండు పక్కలా ఒక్కో ఫ్రేము తేడా. సెకనులో 24వ వంతు.

నేను మొదట విన్నప్పుడు పెద్దాయన గొప్పలు చెప్పుకుంటున్నాడనుకున్నాను. తర్వాత చేసి చూశాను.

ఖాళీ 14

101 నుంచి 114 దాకా కాగితం మీద బస్తా లేదు. ఖాళీ వీధి బొమ్మ ఒక్కటే. దీన్ని ఏదో ఒకటి పెట్టి నింపాలని చెయ్యి లాగుతుంది. కాకి ఎగిరితే బాగుంటుందేమో అనిపిస్తుంది. వద్దు. ఆ వీధిలో ఆకు కూడా కదలకూడదు. శబ్దం కూడా ఉండకూడదు. పడేటప్పుడు ఈల లాంటిది పెట్టుకోవచ్చు, 100వ ఫ్రేము దగ్గర అది సన్నబడి ఆగిపోవాలి.

తర్వాత దుమ్ము. 115 దగ్గర చిన్న గుండ్రటి పొగ, 6 బొమ్మలు. మొదటి బొమ్మలోనే సగానికి పైగా సైజు వచ్చేయాలి, తక్కినవాటిలో మెల్లగా విచ్చుకుని చెదరాలి. సైజు 8 మి.మీ.తో మొదలై 14 మి.మీ. దాటకూడదు. చాలామంది ఇక్కడ బాంబు పేల్చినంత దుమ్ము లేపుతారు. అంత ఎత్తునుంచి అంత లావు బస్తా పడి, పైనున్న మనకి కనిపించేది కందిగింజంత పొగ. పాపం అనిపించేది ఆ కందిగింజ చూసే. శబ్దం కూడా అంతే, నోటితో మెల్లగా "టప్" అని రికార్డు చేసి పెట్టండి. శబ్దం దుమ్ము కంటే ముందు మాత్రం రాకూడదు, ఒకటి రెండు ఫ్రేములు వెనకపడినా ఫరవాలేదు. జోన్స్ సినిమాలకి శబ్దాలు కూర్చిన ట్రెగ్ బ్రౌన్ ఇలాంటి చోట్ల ఎవరూ ఊహించని చప్పుళ్ళు పెట్టేవాడు. రోడ్ రన్నర్ 'బీప్ బీప్' కథ ఇంకా చిత్రం. అది నేపథ్య చిత్రాలు వేసే పాల్ జూలియన్ గొంతు. చేతినిండా బొమ్మలు పట్టుకుని స్టూడియో వరండాలో నడుస్తూ, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకోవడానికి అలా అంటూ వెళ్ళేవాడు.

మిగతా జీవితం, త్వరగా

కయోటీ, రోడ్ రన్నర్ మొదట 1949లో 'ఫాస్ట్ అండ్ ఫర్రీ-అస్'లో వచ్చాయి. కథ మైకేల్ మాల్టీస్‌ది. చిన్నప్పుడు మార్క్ ట్వెయిన్ రాసిన కయోటీ వర్ణన చదివి, ఎప్పుడూ ఆకలితో, ఎప్పుడూ దిగాలుగా ఉండే ఆ జంతువు మీద జోన్స్‌కి సానుభూతి పుట్టింది. కయోటీకీ పక్షికీ కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. పక్షి రోడ్డు వదలకూడదు. పక్షి తనంతట తాను కయోటీకి హాని చేయకూడదు, 'బీప్ బీప్' అనడం తప్ప. కయోటీకి అసలు శత్రువు భూమ్యాకర్షణ. గురుత్వాకర్షణని విలన్‌గా పెట్టుకున్నవాడికి పడటం మీద అంత శ్రద్ధ ఉండటంలో వింత లేదు.

1957లో 'వాట్స్ ఒపేరా, డాక్?' తీశారు. బగ్స్ బన్నీ అనే కుందేలు, ఎల్మర్ ఫడ్ అనే వేటగాడితో, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ సంగీత నాటకాలు కొన్నిటిని ఏడు నిమిషాల లోపు చుట్టేసిన సినిమా. మారిస్ నోబుల్ వేసిన రంగస్థలం చూడాలి అందులో. మామూలు కార్టూన్‌కి ఇచ్చే వారాలు దానికి చాలలేదు. అందుకని రోడ్ రన్నర్ సినిమా మీద పనిచేస్తున్నట్టు టైమ్ కార్డుల్లో రాసి, ఆ వారాలు దీనికి వాడుకున్నారు. రోడ్ రన్నర్ ఎడారిలో తనకంటూ పెద్దగా ఖర్చు అడగని పక్షి కాబట్టి సరిపోయింది. 1992లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, ఈ ఒపేరా సినిమాకి చోటిచ్చారు.

అరవైల్లో వార్నర్ కార్టూన్ స్టూడియో మూతపడ్డాక ఎం.జి.ఎం.కి వెళ్ళి 'టామ్ అండ్ జెర్రీ' కొన్నేళ్ళు చేశాడు. మనవాళ్ళకి ప్రాణమైన పాత టామ్ అండ్ జెర్రీ హానా, బార్బెరాలది. జోన్స్ చేసినవి వేరుగా తెలిసిపోతాయి, టామ్‌కి దట్టమైన కనుబొమలుంటాయి. నా మట్టుకు నాకు ఆ సినిమాలు అంతగా నచ్చవు. బొమ్మలు అందంగా ఉంటాయి కానీ పిల్లికీ ఎలుకకీ మధ్య పగ కనిపించదు. 1965లో తీసిన 'ద డాట్ అండ్ ద లైన్'కి ఆస్కార్ వచ్చింది. ఒక గీత, ఒక చుక్క ప్రేమకథ అది. ముఖం లేని గీతతో కథంతా నడిపాడు, కాబట్టి బస్తాకి కళ్ళు లేవని మనం గొణగడానికి లేదు. 1996లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 2002లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇంటిపని

షీటు ప్రకారం మొత్తం 150 ఫ్రేములూ చేయండి. వారం పడుతుంది, కంగారు పడకండి. అయ్యాక దాన్ని మూడు కాపీలు చేసుకోండి. ఒకదాంట్లో ఖాళీ వీధిని 14 ఫ్రేములు అలాగే ఉంచండి. రెండోదాంట్లో 8 చేయండి. మూడోదాంట్లో 22. ఇంట్లో ఒకరిని పిలిచి, ఏది ఎంతో చెప్పకుండా మూడూ చూపించండి. ముఖం చూడండి, మాట వినకండి. నవ్వినవాళ్ళు కూడా అడిగితే "మూడూ ఒకటేగా" అంటారు.

ఆ తేడా పట్టుబడ్డాక 13, 14, 15 చేసి మీరే చూసుకోండి. మొదటిరోజు ఏమీ తెలియదు. నాకు నాలుగు రోజులు పట్టింది. 13లో బస్తా ఇంకా నా బుర్రలో పడుతూనే ఉండగా దుమ్ము లేచిపోతోంది. 15లో నేను అప్పటికే వేరే ఏదో ఆలోచించడం మొదలెడుతున్నాను. మీ బస్తాకి, మీ వీధికి ఆ అంకె 14 కాకపోవచ్చు, 12 కావచ్చు, 17 కావచ్చు. అదెంతో కనిపెట్టి షీటు పైన ఎర్ర ఇంకుతో రాసుకుని దాచండి.

6వ పాఠానికి అదే షీటు కావాలి. బస్తాకి కనుబొమలు పెడతాం. కళ్ళు ఇంకా లేవు.